కాంబోడియా ఉద్యోగానికి చైనీస్ ఎందుకు: సూరత్‌లో ఒక భాషా తరగతి

కరోనా రెండో వేవ్ సద్దుమణిగి, విమానాలు ఒక్కొక్కటే తిరగడం మొదలైన రోజుల్లో మా అక్క కొడుకు సాయి సూరత్ నుంచి ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, చైనీస్ అల్కగుంటదా, ఖ్మేర్ అల్కగుంటదా?" అని, ఏది తేలికో అడిగాడు. నేను చైనీస్ చదువుకున్నాను. లాక్‌డౌన్‌కు ముందు రెండేళ్లు కాంబోడియాలో పర్యాటకులకు దారి చూపే పని చేశాను. మా ఇంట్లో ఈ ప్రశ్న నన్ను తప్ప ఇంకెవరినీ అడగలేడు. ఎందుకని అడిగితే కాంబోడియాలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందన్నాడు. "ఖ్మేర్ అక్కర్లేదంట. చైనీస్ ఒక్కటి వస్తే చాలంట. క్లాసు కూడా వాళ్లే ఫ్రీగ చెప్తున్నరు." ఆ దేశంలో కూరగాయలు కొనాలన్నా అక్కడి భాష ఖ్మేరే కావాలి. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడే టికెట్ తీసుకున్నాను.

వరంగల్‌లో సాయంత్రం అహ్మదాబాద్ రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నం లోపు సూరత్‌లో దిగవచ్చు. బోగీలో ఎవరు దగ్గినా అందరూ అటే చూసేవారు. స్టేషన్ బయట అక్కవాళ్లుండే గోడాదరాకు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై తీసుకున్నారు. సాయి వాళ్లమ్మ లచ్చక్క తలుపు దగ్గరే శానిటైజర్ చేతిలో పోసి లోపలికి రానిచ్చింది. బావ పనిచేసే మరమగ్గాల కార్ఖానా సగం రోజులే నడుస్తోంది. సాయి చీరల మార్కెట్‌లో చేస్తున్న పని పోయి ఏడాది కావస్తోంది. "పోనియ్యి చెల్లె, గీడ కూసుంటె ఏమొస్తది?" అంది అక్క. ఆమె గొంతులో మాత్రం ధైర్యం లేదు.

అన్నం తిన్నాక సాయికి రెండు భాషల సంగతీ చెప్పాను. ఖ్మేర్‌లో గొంతు ఎత్తీ దించీ పలికే స్వరాల బెడద లేదు. అక్షరాల కింద మన ఒత్తుల్లాగే చిన్న అక్షరాలు వేలాడతాయి. భాషను 'ఫియాసా' అంటారు, గురువును 'క్రూ', వేళను 'పేల్'. ఐదు తర్వాత అంకెలు 'ఐదు ఒకటి', 'ఐదు రెండు' అని సాగుతాయి. కష్టమంతా అచ్చుల్లో ఉంది, ముందున్న హల్లును బట్టి వాటి పలుకు మారిపోతుంది. పైగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరు. చైనీస్‌లో వ్యాకరణం తేలిక, నిన్నకూ రేపటికీ క్రియ మారదు. కానీ 'మా' అనే మాటను ఒకలా పలికితే అమ్మ, ఇంకోలా పలికితే గుర్రం. లిపి మాత్రం ఏళ్ల తరబడి పట్టే పని. తెలుగువాడు చదవడం మొదలుపెట్టడానికి ఖ్మేర్, చిన్న చిన్న వాక్యాలు మాట్లాడటానికి చైనీస్ తేలికని నా అనుభవం.

సాయి అంతా విని నన్ను అదోలా చూశాడు. "నువ్వు పోయి అంత చూసొచ్చినవ్. నన్ను మాత్రం వద్దంటానికి వచ్చినవా చిన్నమ్మా?"

"వద్దంటలేను. ఒక్కసారి నీ క్లాసు చూస్త."

మర్నాడు ఉదయం ఇద్దరం క్లాసు జరిగే సలాబత్‌పురా వెళ్లాం. చీరల మూటల మధ్య నుంచి ఇరుకు మెట్లెక్కితే పైన ఒక గది, అందులో ఆరేడుగురు కుర్రాళ్లు. నా కొడుక్కి కూడా సీటు కావాలని సాకు చెప్పి వెనక కూర్చున్నాను. మాస్టర్ హిందీలో పాఠం చెప్పాడు. ఆయన చైనీస్‌లో తప్పు పట్టడానికేమీ లేదు, స్వరాలు చక్కగా పలుకుతున్నాయి. నకిలీ మాస్టరైతే నాకింత భయం వేసేది కాదు. బోర్డు మీది చైనీస్ వాక్యాలు ఒక్కొక్కటే చదివాను. 'సార్, బాత్‌రూమ్‌కు వెళ్లవచ్చా?' 'ఈరోజు టార్గెట్ పూర్తి కాలేదు, క్షమించండి.' 'ఇంకెప్పుడూ ఇలా చేయను.' దారి అడిగే వాక్యం కానీ, ధర అడిగే వాక్యం కానీ ఒక్కటీ లేదు.

పాఠం అయ్యాక దగ్గరికెళ్లి ఖ్మేర్‌లో "సూస్‌దేయ్" అని పలకరించాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. కాంబోడియాలో మూడేళ్లున్నానని పాఠం మధ్యలో చెప్పిన మనిషికి అక్కడి నమస్కారం తెలియలేదు.

"అక్కడి భాష రాకుండా ఎలా గడిచింది?" అని హిందీలో అడిగాను.

"సబ్ అందర్ హీ మిల్తా హై. బాహర్ జానా హీ నహీ పడ్తా," అన్నాడు నవ్వుతూ. అన్నీ లోపలే దొరుకుతాయట, బయటికి వెళ్లే అవసరమే రాదట.

సాయి నోట్‌బుక్ మూసేశాడు. మామూలు గొంతుతో హిందీలో అడిగాడు: "సార్, 'నేను ఇంటికి పోవాలి' అని చైనీస్‌లో ఎట్లా చెప్పాలి?"

"అది తర్వాత చూద్దాం. ముందు పని నేర్చుకో."

వాడి పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉందని అక్క ముందురోజు రాత్రే చెప్పింది. నేనేదో అనబోతుంటే సాయి నా మోచేయి నొక్కాడు. "సార్, ఇంకో ఇద్దరు దోస్తులు వస్తామంటున్నారు. మీ దగ్గర పాస్‌పోర్టు భద్రంగా ఉందో లేదోనని డౌట్ పడుతున్నారు. నాది ఒకసారి చూపించి తెస్తాను," అన్నాడు. మాస్టర్ నన్ను, వాడిని మార్చి మార్చి చూశాడు. మాస్కు పైన ఆ కళ్లు ఏం లెక్క వేశాయో తెలియదు. ఇద్దరు కొత్తవాళ్లు వస్తారన్న ఆశే గెలిచినట్టుంది. సొరుగు లాగి, రబ్బరుబ్యాండు వేసిన కట్టలోంచి సాయి పాస్‌పోర్టు తీసిచ్చాడు. మిగతా కట్ట సొరుగులోనే ఉండిపోయింది.

మెట్ల మీద మిగతా కుర్రాళ్లను ఆపి నాకు తెలిసింది చెప్పాను: అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గేటు దాటనివ్వకుండా, ఆన్‌లైన్ మోసాలు చేయించే ముఠాలున్నాయని. ఒకడు నా నంబర్ రాసుకున్నాడు. ఇంకొకడు, కరీంనగర్ వైపు వాడు, నవ్వేశాడు. "నీ కొడుకుకు సీటు ఖాళీ కావాలె, గంతేనా అక్కా?" అంటూనే మెట్లు దిగిపోయాడు. కింద రోడ్డు మీదికొచ్చాక సాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చెప్పాం. చూస్తామన్నారు. నెల తర్వాత ఆ గదికి తాళం పడిందని సాయి చెప్పాడు. పోలీసులు వెళ్లారో, వాళ్లే సర్దుకున్నారో తెలియదు. నంబర్ రాసుకున్నవాడు ఫోన్ చేసి సూరత్‌లోనే క్షేమంగా ఉన్నానన్నాడు. కరీంనగర్ అబ్బాయి ఏమయ్యాడో తెలియదు, పేరు కూడా నేను అడగలేదు. ఇప్పటికీ తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే అతనేమోనని ఎత్తుతాను. చైనీస్, ఖ్మేర్ రెండూ నాకు అన్నం పెట్టిన భాషలు, వాటి మీద నాకు కోపం లేదు. కానీ ఎవరైనా ఊరికే భాష నేర్పుతామంటే, వాళ్లు మన చేత ఎవరితో ఏం మాట్లాడించాలనుకుంటున్నారో ఒకసారి ఆలోచిస్తాను.

విదేశీ ఉద్యోగానికి బయల్దేరేవాళ్లకు ఒక్క మాట: ఏజెంటుకైనా, మాస్టర్‌కైనా పాస్‌పోర్టు జిరాక్స్ మాత్రమే ఇవ్వండి. అసలుది వీసా కార్యాలయం కిటికీలో మీ చేత్తో మీరే ఇచ్చి, మీరే తీసుకోండి.