ఐదు చోట్ల మన్ను, ఒక్కటే సంచి

నిన్నటి వానకు తడిసిన మా చేలోని కింది చెక్కలో కాలు పెట్టగానే మడమ సర్రున జారింది. పిడికెడు మట్టి తీసి నలిపితే సబ్బు రుద్దినట్టు జిగురు. ఆ జిగురు చేతికి తగిలితే నాకు బుచ్చవ్వ గుర్తొస్తుంది. వెంటనే కోపమూ వస్తుంది. కోపం ఆమె మీద కాదు.

బుచ్చవ్వ మా ఊరి బట్టలు ఉతికిన మనిషి. మాది వనపర్తి నుంచి బీచుపల్లి వెళ్లే దారికి ఎడంగా ఉన్న మెట్ట పల్లె. సబ్బు పొడులు రాకముందు ఆమె గంప పట్టుకొని చేల వెంట మురికి వదిలించే సౌడు మట్టి, అంటే చౌడు మన్ను, ఏరుకొచ్చేది. ఎవరి చెలకలో ఎక్కడ సౌడు ఉందో ఆమెకు అడుగులతో సహా తెలుసు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. వేరుశనగ మొలిచాక సాళ్ల వెంట మొలకలు లెక్కపెట్టి రాసుకోవడం నా అలవాటు. వరుసగా మూడేళ్లు ఎత్తున ఉన్న మీది చెక్కలో నూరు గింజలకు తొంభై దాకా మొలిచాయి. కింది అరెకరంలో పన్నెండు దాటలేదు.

ఆ అరెకరం బతకాలంటే జిప్సం చల్లాలి. సర్కారు జిప్సం ఇవ్వాలంటే పరీక్ష కాగితం మీద చౌడు అని ఉండాలి. వాళ్లు చెప్పినట్టే ఐదు చోట్ల మట్టి తవ్వి, కలిపి, ఒక్క సంచిలో పోసి పంపాను. నేల బాగుందని కాగితం వచ్చింది. "నేల మంచిగనే ఉంది. నీ సేద్యమే సరిగ లేదు" అన్నాడు ఆఫీసులో సారు. మూడేళ్ల నా పుస్తకాన్ని తెరిచైనా చూడలేదు.

ఆ మాట చెబితే బుచ్చవ్వ నవ్వింది. "ఏం కలిపినవ్ కొడుకా?"

"నాలుగు మీదివి, ఒకటి కిందిది, అవ్వా."

"ఉప్పెక్కువైన కూర పిడికెడు తీస్కపోయి గంజెడు అన్నంల కలిపి, ఉప్పు సరిపోయిందా అని అడిగినవ్. ఇన్ని లెక్కలు రాస్తవ్, గిదన్న తెల్వదా?"

సగటు తీస్తే రోగం కనబడకుండా పోతుందని నాకు తట్టనేలేదు. మర్నాడు ఆమె చెలకంతా నడిచింది. మట్టి తడిపి నలిపి, జారిన చోటల్లా నాతో పుల్ల పాతించింది. ఒకచోట తెల్లగా పేరుకున్నదాన్ని నాలుకకు తాకించి ఉమ్మేసింది. "గిది ఉప్పు. దీంతోని మురికి పోదు. గా జారేది వేరు, గిది వేరు. రెంటికీ ఒక్కతీరు మందు పెట్టకు."

ఆ పుల్లల ప్రకారం మంచి మన్ను, జారే మన్ను, ఉప్పు మన్ను వేరుచేసి మూడు సంచులు కట్టాను. "సర్వే నంబరుకు ఒక్కటే సంచి" అని ఆఫీసులో తోసేశారు. వెంట వచ్చిన బుచ్చవ్వ మూడింటినీ సారు బల్ల మీద పెట్టింది. "ఇంట్ల ముగ్గురికి జరమొస్తే, ముగ్గురి నెత్తురు ఒక్క సీసల పోసి సూపిస్తవా సారూ?" అక్కడున్న రైతులు గొల్లుమన్నారు. ఆయన తీసుకోక తప్పలేదు. ఈసారి కింది చెక్క చౌడేనని కాగితం వచ్చింది.

జిప్సం మాత్రం చివరి వాన వెళ్లాక వచ్చింది. అది నీళ్లలో కరిగి, చౌడును కిందికి తీసుకుపోవాలి. బోరు లేని మెట్ట చేనుకు వాన తప్ప నీళ్లెక్కడివి? ఇచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదా? అడిగితే, "వచ్చినప్పుడే తీస్కోవాలె" అన్నారు. ఆ ఎండాకాలంలోనే బుచ్చవ్వ పోయింది. అన్నేళ్లు చేతులతో నేలను పరీక్షించిన మనిషిని ఏ ఆఫీసూ ఒక్కసారి పిలిచి అడగలేదు.

తొలకరికి గట్లు వేసి, జిప్సం చల్లి, వాన నీళ్లు నిలబెట్టాను. మరుసటేడు నూటికి నలభై మొలిచాయి. నలభైని నలభై అనే రాసుకున్నాను, బాగైందని రాయలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల రైతులు మట్టి పరీక్షకు దరఖాస్తు రాయించుకోవడానికి నా దగ్గరికి వస్తారు. అందులో నేల వివరానికి ఇప్పటికీ ఒక్కటే గడి. దాని పక్కన గీతలు గీసి ఇంకో రెండు గళ్లు చేస్తాను. ఆఫీసులో కొట్టేసి పంపుతారు. మళ్లీ గీస్తాను.