మరిచిపోయే యంత్రం

పాత చేతి కంప్యూటర్ల గురించీ తొలినాటి స్మార్ట్‌ఫోన్ల గురించీ నేనూ, నేను అక్కా అని పిలిచే ధర్మవరం స్నేహితురాలూ కలిసి పాడ్‌కాస్ట్ చేసేవాళ్లం. నేను హిందూపురం నుంచి రైల్లో ధర్మవరం పోయేవాణ్ని. రికార్డింగ్ అక్క ఇంట్లోనే. పక్కింటి మగ్గం చప్పుడు ప్రతి ఎపిసోడ్‌లోనూ వినిపిస్తుంది.

ఏ పాత ఫోనైనా తెర వెలగడానికి ఆలస్యం చేస్తే, "ఉండప్పా, లేస్తాండాది" అనేది అక్క. ఆ మౌనాన్ని ఎడిటింగ్‌లో కోయనిచ్చేది కాదు.

మాటల మధ్యలోనే అరచేయంత కంప్యూటర్ ఒకదాన్ని కొంగుతో తుడిచి ఛార్జింగ్‌కు పెట్టేది. చీరలు నేసే వాళ్ల నాయన మంచాన పడ్డాక, దాని తెర మీద ప్లాస్టిక్ పుల్లతో అంచు డిజైన్లు గీశాడట.

"ఛార్జింగ్ పూర్తిగా దిగిపోతే ఇది అన్నీ మరిచిపోతాది. నాయన గీత ఒగటీ మిగల్దు."

"వేరేచోట దాచుకోలేదా అక్కా?"

"కంప్యూటర్‌కు తగిలించే వైరు యాడా దొరకలేదప్పా."

అక్క పోయాక కర్మల నాడు వెళ్లాను. నడవలో ఆమె ఫోటో ముందు ఆ చేతి కంప్యూటర్ ఉంది. దానికి కుంకుమబొట్టు, పైన మల్లెపూలు.

"ఆయమ్మ ప్రాణమంతా దీంట్లోనే కదా. పోయినప్పటి నుంచీ ఎవరినీ ముట్టుకోనీలేదు," అంది అక్క వాళ్ల వదిన.

ఛార్జింగ్ పెట్టి, కాసేపాగి మీట నొక్కాను. తెర వెలిగింది. కొత్తగా కొన్నవాళ్లను అడిగినట్టు, పుల్లతో ఇక్కడ తాకమంటూ ఒక గుర్తు చూపించింది. ఇంకేమీ లేదు.

వదిన నా భుజం మీదుగా వంగింది. "మామ గీసినవి ఉండాయా?"

"ఉండు వదినా," అన్నాను. "లేస్తాండాది."