ఒకే వీధివాళ్లకు వేర్వేరు తేదీలు

2022లో నేను వరంగల్‌లో ఒక ఏఆర్‌టీ సెంటర్‌లో స్టాఫ్ నర్సును. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఉచితంగా మందులిచ్చే చోటది. రోజూ గోలీ వేసుకుంటే మనిషి అందరిలాగే బతుకుతాడు. మానేస్తే ఒంట్లో వైరస్ మళ్లీ లేస్తుంది. అందుకే వచ్చేవాళ్లు తేదీ తప్పకుండా చూసుకోవడమే మా ఉద్యోగంలో సగం.

మిగతా సగం గుట్టు కాపాడటం. దానికి నాకో సొంత పద్ధతి ఉండేది. ఒకే వీధివాళ్లకు, ఒకే కార్ఖానావాళ్లకు ఒకే తేదీ ఇచ్చేదాన్ని కాదు. వరండాలో ఎదురుపడ్డారంటే ఇక అంతే సంగతులు. "మా సిస్టర్‌కు క్యాలెండర్ పిచ్చి" అని డాక్టరుగారు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

సమ్మక్క పవర్‌లూమ్ కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. భర్త ఈ జబ్బుతోనే పోయాడు, ఊళ్లో మాత్రం కామెర్లని చెప్పుకుంది. గోలీలు బియ్యం డబ్బాలో దాచేది. "ఓనరుకు తెలిస్తె ఇల్లు ఖాళీ చెయ్యమంటడు సిస్టర్, సేటుకు తెలిస్తె పనిల కెల్లి తీసేస్తడు" అనేది. ఆరేళ్లలో ఒక్క తేదీ తప్పలేదు. బంగారం లాంటి మనిషి.

ఆ ఏడాది మందుల తేదీలు తరచూ మారేవి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చేసి నా గొంతు పోయేది. మెసేజ్ పంపితే నయమనుకున్నాను. గుట్టుకు ఏ యాప్ మంచిదో తెలుసుకోవడానికి రెండు ఆదివారాలు వంట కూడా మానుకుని కూర్చున్నాను. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండాలి, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం. మెసేజ్ ఒక రోజు తర్వాత దానంతటదే చెరిగిపోవాలి. రెండూ ఉన్న యాప్ దొరికింది. అందరి ఫోన్లలో నేనే వేసి, గ్రూపు చేసి, దానికి 'మిరప నారు' అని పేరు పెట్టాను. 'నారు వచ్చింది, గురువారం రండి' అంటే మందులొచ్చాయని. ఎంత మురిసిపోయానో!

"మెసేజ్ పంపితే పర్వాలేదా?" అని అందరినీ అడిగాను, సరేనన్నారు. అందరినీ ఒక్కచోట కలుపుతానని మాత్రం చెప్పలేదు. గ్రూపులో ఉన్న ప్రతివాళ్లకూ మిగతావాళ్ల నంబర్లు కనిపిస్తాయని నాకు తట్టనే లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సమ్మక్క తేదీ దాటి పది రోజులైంది. ఫోన్ చేశాను.

"నేను రాను సిస్టర్. గ్రూపుల సదన్న నంబరున్నది."

సదానందం ఆమె కార్ఖానాలోనే మగ్గం నడిపేవాడు. ఆరేళ్లుగా ఇద్దరికీ వేర్వేరు వారాల్లో తేదీలిస్తున్నది నేనే.

"ఆయన ఫోన్ల నా నంబరు 'సమ్మక్క చెల్లె' అని ఉంటది గదా. ఇగ దాసుడేంది?"

"ఆయనకూ ఇదే బాధ కదమ్మా, ఎవరికి చెప్తాడు?"

"ఏమో సిస్టర్, ఎవలను నమ్మాలె? మల్ల దవాఖాన మెట్లు ఎక్కంగ చూస్తె పక్కా చేసుకుంటడు. నా పేరు జర తీసెయ్యుండ్లి."

గ్రూపే తీసేశాను. చూసిన కళ్లలోంచి ఎలా తీస్తాను? తర్వాత ఆమె ఫోన్ స్విచ్ఛాఫ్. ఇంటికి వెళ్దామంటే, నర్సు వచ్చిందని వీధి వీధంతా ఆరా తీస్తుంది. సదానందం కూడా రావడం మానేశాడు.

ఎనిమిది నెలల తర్వాత ఆమెను వార్డులో చేర్చారు. ఊపిరితిత్తులకు టీబీ. గుప్పెడంత అయిపోయింది. "సదన్న ఎవలకన్న చెప్పిండా సిస్టర్?" అనే అడిగింది. తెలియదన్నాను. నాలుగో రోజు పోయింది. నేను డ్యూటీ గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

రెండు వారాలకు సదానందం వచ్చాడు, దగ్గుతూ.

"నా ముచ్చట ఆమె ఎవ్వలకు చెప్పలే సిస్టర్. నేను గూడ చెప్పలే. రోజు ఎదురెదురుంగనే పని చేసినం. 'చెల్లె, నేను ఎవలకు చెప్ప, నువ్వు మందులకు పో' అని ఒక్క మాట అంటె బతుకుతుండె. నాకే భయమాయె, నోరు రాలె."

నాకు మాత్రం నోరొచ్చిందా? ఆ మాట ఆయనతో ఆమెకు చెప్పించాలని నాకూ తోచలేదు.

ఇప్పుడు మళ్లీ ఒక్కొక్కరికీ విడిగానే ఫోన్ చేస్తున్నాను, గొంతు పోతే పోయింది. మంచి యాప్ ఏదని ఎవరైనా అడిగితే, నీ నంబరు ఎవరెవరికి కనిపిస్తుందో ముందు చూసుకో, తాళం సంగతి తర్వాత అంటాను. నేను మాటలకు తాళం వేసి, మనుషులను బయట నిలబెట్టాను.

ఆ రోజు సదానందానికి తేదీ రాస్తూ, అలవాటు కొద్దీ సమ్మక్క ఏ వారం వస్తుందోనని క్యాలెండర్ తిప్పాను. ఇక ఏ వారమైనా ఫరవాలేదు.