విస్తరి చేతికిచ్చి అడిగిన మాట

మానుకోటలో మా ఇంటికీ, మేడ మీద అద్దెకున్న సారు ఇంటికీ కలిపి ఒకటే ఇంగ్లీషు పేపరు వచ్చేది. మా బాపు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు, పుట్టింది గార్ల దగ్గర. సారు బ్యాంకు ఉద్యోగి, గుంటూరు వైపు మనిషి. పొద్దున్నే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని గళ్ల నుడికట్టు నింపేవాళ్లు. అడ్డం గళ్లు బాపువి, నిలువు గళ్లు సారువి. డిక్షనరీ తెరిచినవాడు ఆ పూట చాయ్ పోయించాలి. సారు బాపు యాసను ఆటపట్టిస్తే, బాపు ఆయన 'అండీ'లను ఎత్తిపొడిచేవాడు. తెలియనివాళ్లు వీళ్లు కొట్టుకుంటున్నారనుకునేవాళ్లు. అంతకన్నా గట్టి దోస్తీ లోకంలో లేదని నా నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను, కాలేజీ లేదు. బాపు బడీ, సారు బ్యాంకూ మూసే ఉన్నాయి. మరిపెడ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అంటే నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తినడం. ఆగిన లారీ డ్రైవరుకూ, కాపలా పోలీసుకూ కూడా పెట్టాల్సిందే, ఎవరినైనా ఉపాసం పంపితే మాకు నామోషీ. విస్తరి అందుకున్నవాళ్లు 'జై తెలంగాణ' అనడం మా దగ్గర అలవాటు. పోలీసులు కూడా ముసిముసిగా నవ్వుతూ అనేవాళ్లు.

ఆ పొద్దున నుడికట్టులో ఒక్క ఆధారం మిగిలిపోయింది. లీమరు అనే కోతిలాంటి జంతువుల్లో అరుదైన ఒకదాని పేరూ, ఓడ మీద నావికుడి జవాబూ ఒకటే మాట, ఆరక్షరాలు. అడ్డం గడి, అంటే బాపు వంతు. ఎంతకీ తట్టక, చిరాగ్గా లేచి వంటావార్పుకు వచ్చేశాడు.

మధ్యాహ్నం నేను అన్నం వడ్డిస్తుంటే, లుంగీ మీదే, చేతిలో పేపరుతో సారు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"దొరికిందండీ మాస్టారూ! అయ్-అయ్! మడగాస్కర్ జంతువు! కెప్టెన్ ఆర్డరేస్తే నావికుడు అనేదీ అదే!"

"అగో! నాకెట్ల తట్టలే!" అని బాపు నుదురు కొట్టుకుని, తనే విస్తరి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "దా సార్, బువ్వ తిని పో."

నేను అన్నం పెట్టాను, పప్పు వేశాను. బంతిలోంచి ఎవరో అన్నారు, "సార్, జై తెలంగాణ అనుండ్రి."

సారు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "వద్దండీ," అన్నాడు మెల్లగా.

బంతిలో తలలన్నీ ఇటు తిరిగాయి. బాపు ఏదో హాస్యమాడి తప్పిస్తాడని నేను ధీమాగా చూశాను.

"ఒక్క మాటనే గద సార్, అను," అన్నాడు బాపు.

"మీరు కూడానా మాస్టారూ? మీ రాష్ట్రం మీకు రావాలని మన మెట్ల మీద ఎన్నిసార్లు అన్లేదూ నేను! అన్నం చేతిలో పెట్టి అనిపిస్తే మాత్రం అనను."

బాపు చెయ్యి చాచి ఆ విస్తరి లాగేసుకున్నాడు.

పప్పు సారు లుంగీ మీద పడింది. పగవాడి ముందు నుంచి కూడా విస్తరి తియ్యరు మా ఇళ్లల్లో. సారు లుంగీ దులుపుకుని వెనక్కి నడిచాడు.

ఇంటికొచ్చాక అమ్మ నమ్మలేదు. "అన్నం మీదికెళ్లి లేపినవా?"

"నేను గుంజకుంటే పోరగాళ్లు కొట్టేటోళ్లు," అన్నాడు బాపు.

"ఎవ్వలు చెయ్యెత్తలే బాపు. నేను ఆడనే ఉన్న," అన్నాను.

"పైకి పోయి తప్పయిందని చెప్పిరా," అంది అమ్మ. రోజూ అదే మాట. బాపు సగం మెట్లెక్కేవాడు, దిగేవాడు. పేపరు గేటు దగ్గరే పడి ఉండేది. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని నేను కాచుకుని కూర్చున్నాను. ఈలోగా సారు జనగామకు బదిలీ చేయించుకున్నాడు.

సామాన్లు దించే రోజు సాయానికి ఎవరూ రాలేదు. బీరువాకు ఒక పక్క సారు, ఇంకో పక్క బాపు.

"మెల్లగా మాస్టారూ, అసలే మీకు మోకాలి నొప్పి," అన్నాడు సారు.

లారీ బయల్దేరబోతుంటే బాపు కిటికీ పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి.

"సార్, జనగామల నీళ్లు మంచిగుండయి. జర కాగబెట్టుకోని తాగుండ్రి."

"అలాగేనండీ," అన్నాడు సారు.

లారీ పోయింది. అమ్మ గడపలోంచి బాపునే చూస్తూ, "గంతేనా?" అంది.