వెర్నా వదిన గురి తప్పిన రోజు

దుప్పుల వేట మొదలయ్యే నవంబరు పదిహేనున, ఇంకా చీకటి విడవకముందే, మా వెర్నా వదిన మరుగుదొడ్డి తలుపు ఊడబెరికింది. కావాలని కాదు. బండి వెనక్కి తిప్పుతుంటే తుపాకీ ఆనించే కడ్డీ వెళ్ళి తలుపు పిడికి తగులుకుంది. అది మామూలు చక్రాల కుర్చీ కాదు, గొలుసుపట్టాల మీద నడిచే బండి. చిన్న ట్రాక్టరంత బలం. తలుపు తగులుకున్న సంగతి దానికీ తెలియలేదు, వదినకీ తెలియలేదు. తలుపుతో సహా మా వేటగుడిసె గుమ్మం దాకా వచ్చేసింది.

తలుపు ఉండవలసిన చోట డ్వేన్ కూర్చుని ఉన్నాడు. డ్వేన్ మా వదిన అన్నగారి అల్లుడు, టైర్ల కొట్టు నడుపుతాడు. నారింజ రంగు కోటు వేసుకుని, టోపీ పెట్టుకునే ఉన్నాడు కాబట్టి వేట చట్టం ప్రకారం వంక పెట్టడానికేమీ లేదు.

"అత్తా," అన్నాడు మర్యాదగా, "నా తలుపు నీతో వచ్చేసింది."

వదిన వెనక్కి చూడలేదు. మెడ ఎముకలు డాక్టర్లు బిగించేశాక ఆవిడ ఎటు చూడాలన్నా బండినే తిప్పాలి. అప్పుడు గనక తిప్పి ఉంటే ఆ తలుపు నా మొహాన పడేది.

"లెస్, ముందు ఇది తీసుకెళ్ళి అక్కడ ఆనించు," అంది. "అల్లుడి పరువు గడ్డకట్టుకుపోతోంది."

లెస్ అంటే నేనే. ఆవిడ మొగుడు కార్ల్ మా అన్న. అన్న పోయాడు గానీ వదిన నాకు వదినగానే ఉంది, నేను ఆవిడకి పనివాడిగానే ఉన్నాను.

మా వైపు, అంటే ఎగువ మిషిగన్‌లో, పెద్ద సరస్సు ఒడ్డున, వదినని ఎరగనివాళ్ళు లేరు. కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ నడిపేది. ఆ లారీతో ఆవిడ పడగొట్టిన పోస్టు డబ్బాల గురించి ఇప్పటికీ చర్చిలో కాఫీ దగ్గర చెప్పుకుంటారు. పడగొట్టిన ప్రతి డబ్బానూ ఆదివారం వెళ్ళి తనే పాతి వచ్చేది, ఇంటివాళ్ళని మాత్రం "రోడ్డు మీదకి పాతితే కొట్టుకోదా మరి?" అని తిట్టి వచ్చేది. కార్ల్ పోయిన మరుసటి శీతకాలం, ఇంటి కప్పు మీద మంచు తోడుతూ జారి కట్టెల పేర్పు మీద పడింది. మెడ విరిగింది. బతికింది. ఎడమ మణికట్టు కాస్త కదులుతుంది, తలకాయ పూర్తిగా పనిచేస్తుంది, నోరు అంతకంటే బాగా పనిచేస్తుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ వేటకి రాలేదు. మేమే ఏటా మాంసం పొట్లాలు కట్టి పంపేవాళ్ళం. ఒక ఏడాది అవి కట్టినవి కట్టినట్టే తిరిగొచ్చాయి. ఏమైందని ఫోను చేస్తే, "నేను లేని వేటలో నాకు వాటా ఏమిట్రా? మీరు పంపేది మాంసం కాదు, పరామర్శ," అని ఫోను పెట్టేయించింది.

మూడో రోజుకి జిల్లా వేటగాళ్ళ సంఘానికి తనే ఫోను చేయించుకుంది. గొలుసుపట్టాల బండి ఆ సంఘం వాళ్ళు వంతుల మీద ఇచ్చేది. తుపాకీని బండికి బిగించే చట్రం నేనూ డ్వేనూ కలిసి చేశాం, రెండుసార్లు తలకిందులుగా చేశాం కూడా. ఎడమ మణికట్టు దగ్గర చిన్న పుల్లలాంటి మీట ఉంటుంది, దాన్ని కదిపితే తుపాకీ గొట్టం అటూ ఇటూ, పైకీ కిందకీ తిరుగుతుంది. దుర్భిణీలో కనబడేది ఎదురుగా చిన్న తెర మీద పడుతుంది. ఇక పేల్చడానికి నోటి దగ్గర ఒక సన్నని గొట్టం. చల్లటి పానీయం పీల్చినట్టు పీలిస్తే తుపాకీ పేలుతుంది. తూటా వేయడం, పేలకుండా ఉండే గడియ తీయడం పక్కన కూర్చున్నవాడి పని. మిగతా అంతా ఆవిడ పనే, చేతికి అనుమతి కాగితం కూడా వచ్చింది. వేసవంతా కంకర గుంటల దగ్గర పాత రొట్టె పళ్ళాలకి చిల్లులు పొడిచింది. ఆ వేసవంతా ఆవిడ గొట్టం పెట్టుకుని ఐస్ టీ పీలుస్తుంటే నేను ఎదురుగా కూర్చునేవాణ్ణి కాదు.

మా గుడిసెలో రాతకోతలు లేని చట్టం ఒకటి ఉంది. దుప్పి మీద పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరు రాసి, దూలానికి మేకు కొడతారు. మా నాన్న చొక్కా ముక్క పొగచూరి అక్కడే వేలాడుతోంది. పాస్టరుగారిది ఉంది. నావన్నీ కలిపితే ఒక దుప్పటి కుట్టుకోవచ్చు. వదిన పడకముందు తప్పినవి కూడా ఉన్నాయి, గళ్ళ చొక్కావి. ఆ గుడిసెలో మనిషి మనిషే అనడానికి ఆ దూలమే సాక్ష్యం.

తలుపు సంగతి సర్దుకున్నాక వదినా నేనూ బయల్దేరాం. గుడిసెకి దగ్గరగా, గాలి తగలకుండా, సెడార్ చెట్ల అంచున ఆవిడకి చోటు సిద్ధం చేసి ఉంచాడు ఆవిడ అన్న రూడీ. మిగతావాళ్ళు ఎవరెక్కడ కూర్చోవాలో పేకముక్కలు తీసి తేల్చుకుంటారు. వదిన చేత మాత్రం ముక్క తీయించలేదు. ఆవిడ అది గమనించింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే నాకు భయం.

వెలుతురు బూడిద రంగు నుంచి నీలానికి తిరుగుతుండగా వచ్చింది దుప్పి. ముందు కొమ్ములు కనబడ్డాయి. ఆకులు రాలిన చెట్టొకటి మెల్లగా నడిచొస్తోందేమో అనుకున్నాను. తర్వాత దాని కింద మెడ, ఛాతీ, ఊపిరి ఆవిరి. నేను గడియ తీశాను. వదిన తెర మీద గుర్తు దాని భుజం వైపు జరుపుతోంది. దుప్పి తలెత్తి మా వైపు తిరిగింది, ఆ కొమ్ములు పూర్తిగా విచ్చుకున్నాయి.

"హా!" అంది వదిన.

అది ఊపిరి లోపలికి లాగుతూ అన్న హా, గొట్టమేమో నోట్లోనే ఉంది. తుపాకీ పేలింది. తూటా హెమ్లాక్ చెట్టు కొమ్మకి తగిలి, కొమ్మ మీది మంచంతా దుప్పి వీపున పడింది. అది ఒకసారి దులుపుకుని, మర్యాద తెలియనివాళ్ళని చూసినట్టు మమ్మల్ని చూసి, తోక తెల్లగా ఎత్తి వెళ్ళిపోయింది.

నేను తుపాకీ గడియ మళ్ళీ వేశాను.

"ఎంత అందంగా ఉందో చూశావా?" అంది వదిన చివరికి.

"చూశాను."

"నేనూ చూశాను. అదే కొంప ముంచింది." ఆవిడ నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు తుడవడానికి నేను చేతిగుడ్డ తీస్తే, "ఉండనీ, ఇవి మంచివి," అంది.

మధ్యాహ్నం అందరం గుడిసెకి చేరాం. పొయ్యి మీద పాస్టీలు, అంటే లోపల మాంసం కూరి కాల్చిన రొట్టెలు, వెచ్చబడుతున్నాయి. రూడీ చెవి మిషన్ సరిచేసుకుంటూ, "మీ వైపు తుపాకీ విన్నాను. ఎక్కడ పడింది?" అన్నాడు. డ్వేన్ మేకు మీది కత్తెర వైపు చూశాడు.

ఇక్కడ నాకు ప్రేమ పొంగుకొచ్చింది. "నోటి గొట్టంలో తడి గడ్డకట్టింది," అన్నాను. "దానంతట అదే పేలింది."

గుడిసె మొత్తం హమ్మయ్య అనుకుంది. "అయితే అది యంత్రం లోపం," అన్నాడు రూడీ. "లెక్కలోకి రాదు." డ్వేన్ కత్తెర మీంచి చూపు తీసి పాస్టీ మీద పెట్టాడు.

"లెస్," అంది వదిన. అంతే. లారీ నడిపే రోజుల్లో ఎదురొచ్చే కార్లని ఆ గొంతుతోనే పక్కకి తప్పించేది. తర్వాత బండి రూడీ వైపు తిప్పింది. "అన్నయ్యా, ఏదీ గడ్డకట్టలేదు. వాడికి అబద్ధం ఆడటం చిన్నప్పట్నుంచీ చేతకాదు. నేనే తప్పాను. కత్తెర తియ్యి."

"పోనీలే చెల్లీ. ఇన్నాళ్ళకి వచ్చావు. నువ్వొచ్చావు, మాకదే చాలు."

"అదే చాలా?" అంది వదిన. "నేనేమన్నా క్రిస్మస్ చెట్టునా, తెచ్చి మూల నిలబెడితే చాలడానికి?"

డ్వేన్ నోట్లో పాస్టీ నమలడం ఆపేశాడు.

"పోయినేడు నువ్వు కొత్త దుర్భిణీ పెట్టుకుని తప్పావు. దుర్భిణీ చొక్కా కత్తిరించారా, నీది కత్తిరించారా?"

"నాదే," అన్నాడు రూడీ.

"చెవి మిషన్ కూసింది, ఉలిక్కిపడ్డాను అన్నావట. ఎవరన్నా విన్నారా?"

"వినలేదు. నవ్వారు."

"నేను ఇంట్లో పడుకుని నవ్వాను. నీ మోకాలు ఉక్కుది, పళ్ళు కట్టుడువి, కళ్ళు అద్దాలవి. అయినా దూలం మీద పేరు మాత్రం రూడీ అనే రాశారు. నా దగ్గరకొచ్చేసరికి యంత్రం ఎక్కడ్నుంచి ఊడిపడింది?"

"అది వేరు వెర్నా. నువ్వు... నీకు ఊపిరి తప్ప..."

"ఆఁ, అను. నాకు మిగిలింది ఊపిరే. దాన్ని కూడా యంత్రం ఖాతాలో రాసేస్తే ఇక నేనెక్కడున్నాను?" ఆవిడ గొంతు పెంచలేదు. "మీకు పెద్ద కొమ్ములు చూస్తే చేతులు వణుకుతాయి. నాకు ఊపిరి వణికింది. మొదటిసారి అడవికొచ్చిన పిల్లలా నోరు తెరిచాను, తూటా పోయింది. ఇవాళ తప్పింది నేను కాదంటే, రేపు కొట్టేదీ నేను కాదంటారు. అప్పుడు నేను ఇంటికి పోతాను. ఆ బండిని పంపిస్తాను, దాంతో కలిసి వేటాడుకోండి."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. డ్వేన్ నా వైపు తిరిగాడు. "మామా, గడ్డకట్టిందా, లేదా? తేల్చి చెప్పు."

"లేదు," అన్నాను. "హా అంది."

"ఎంతుంది?" అన్నాడు రూడీ, హఠాత్తుగా. "కొమ్ములు. ఎంత?"

వదిన చేతులు చాచి చూపించలేదు కదా. తల ఎత్తి, కిటికీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ళతో కొలిచింది. రూడీ ఆ కొలతని తనూ చూశాడు. "హా," అన్నాడు నెమ్మదిగా. లేచి వెళ్ళి కత్తెర తనే తీశాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. చొక్కా అంచు ఆవిడ కిందే ఉంది. పైన పట్టీలు, వాటి మీద వైర్లతో వెచ్చబడే చేతుల్లేని కోటు. దుప్పుల కడుపులు చీల్చి పేగులు తీసే మేం ముగ్గురం, ఒక పెద్దావిడ చొక్కా కుచ్చు పట్టుకుని లాగడానికి ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నిలబడ్డాం. నేను మరిదినన్నాను. రూడీ తోడబుట్టినవాణ్ణన్నాడు. డ్వేన్ అల్లుణ్ణన్నాడు.

"పొద్దున నేను నీ వైపు చూడకుండా మర్యాద చేశాను కదా," అంది వదిన డ్వేన్‌తో. "నువ్వు కూడా కళ్ళు మూసుకుని లాగు."

నేనూ డ్వేనూ చంకల కింద చేతులేసి లేపాం. డ్వేన్ నిజంగానే కళ్ళు మూసుకున్నాడు, అందువల్ల నా కాలు తొక్కాడు. రూడీకి అద్దాలు మసకేశాయి. కత్తెర మొద్దుది. అంచు మాత్రమే కత్తిరించాల్సింది పోయి, వంకరటింకరగా నడుం పైదాకా పోనిచ్చాడు. దారిలో వెచ్చబడే కోటు వైరొకటి తెగింది. అందరం చూశాం.

"అయిందా?" అంది వదిన.

"కొంచెం ఎక్కువే అయింది," అన్నాడు రూడీ.

"మంచి దుప్పి కదా."

పేరు రాయబోతూ రూడీ ఆగాడు. "పక్కన 'బండి మీద నుంచి' అని రాయనా?"

"మీ ముక్కల పక్కన 'కాళ్ళ మీద నుంచి' అని రాసుకున్నారా?"

ఒట్టి వెర్నా అనే రాశాడు. ఉక్కు మోకాలితో కుర్చీ ఎక్కి దూలానికి కొట్టాడు. పాస్టరుగారి ముక్క పక్కన కొద్దిగా ఖాళీ ఉంటే అక్కడ, అందరివాటికంటే పెద్దగా. తర్వాత మేం పాస్టీలు తిన్నాం. నేను ఆవిడకి తినిపిస్తుంటే, ఉప్పు తక్కువైందని నన్నే తిట్టింది.

మర్నాడు పొద్దున రూడీ పేకముక్కలు పరిచి, ఎవరూ అడగకుండానే ఒక ముక్క వదిన ముందు పెట్టాడు. ఆవిడకి వచ్చింది బురదనేల అవతలి చోటు, అందరూ తప్పించుకోవాలని చూసేది. రూడీ ఆ ముక్క మార్చలేదు. బండి బురద దాటింది. దాని వెనక నడిచిన నేను దాటలేదు, ఒక బూటు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ వారమంతా మాకు కనబడింది ఒక ఉడత. డ్వేన్ చిన్న దుప్పిని కొట్టాడు. వదిన వాటా పొట్లాలు బండి మీదే పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళింది, ఒక్కటీ తిప్పి పంపలేదు.

ఇంటికొచ్చాక వదిన మళ్ళీ ఆ కోసిన చొక్కానే తొడిగించుకుంది. సోమవారం ఇంటికొచ్చే నర్సు డార్లా ఆవిడని పక్కకి తిప్పి, అది చూసి కెవ్వుమంది. నేను కాఫీ కలుపుతున్నాను. ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ లోపలికెళ్ళింది.

"ఇదేం పనమ్మా? కదల్లేని మనిషి బట్టలిలా కోసేస్తారా? ఎవరు చేశారో చెప్పండి, నేను పైవాళ్ళకి ఫిర్యాదు రాస్తాను!"

"కత్తెర ఎవరిదైతేనేం డార్లా," అంది వదిన, "ఆ కోత సంపాదించుకున్నది నేను."