నడుంకాడి తడి

నేను చెప్తుంటె నా బిడ్డ లావణ్య రాస్తుంది. నాకు సంతకం దప్ప ఏం రాదు.

దయ్యాలంటే నాకు ఎన్నడు నమ్మకం లేదు. మా ఆయన ఫ్యాక్టరీల దెబ్బ తాకి పోయిండు. దవాఖానాల ఆయన శవం పక్కన ఒక్కదాన్నే కూసున్న. కట్టుకున్నోడే లేచి ఒక్క మాట మాట్లాడలె, ఇగ ఊరోళ్ళ దయ్యాలు నాతోని ఏం మాట్లాడ్తయి అనుకున్న. ఇప్పుడు సుత దయ్యమని అంటలేను. జరిగింది చెప్తున్న, అంతే.

ఆయన పోయినంక నాచారంల ఒక డ్రెస్సుల దుకాణంల పనికి కుదిరిన. షూటింగులకు, నాటకాలకు, స్కూలు ఫంక్షన్లకు బట్టలు కిరాయికిచ్చే దుకాణం. ఉతుకుడు, ఇస్త్రీ, చినిగితే కుట్టుడు నా పని. దుకాణం వెనుక రేకుల రూం సేటు మాకు ఉండనికె ఇచ్చిండు. లావణ్య అప్పుడు ఇంటర్ చదువుతుంది. ఆ రూం పోతే తల్లీబిడ్డలకు ఇంకో జాగ లేదు.

మేము చాకలోళ్ళం. మా అమ్మ ఊర్ల ఇంటికో గుర్తు పెట్టేది బట్టల మీద, నల్లజీడి గింజ రసంతోని. అక్షరం ముక్క రాకున్నా ఎవ్వలింటి బట్ట వాళ్ళింటికే చేర్చేది. మా ఇంటి గుర్తు మూడు చుక్కలు, కింద ఒక గీత. నేను సుత మా బట్టలకు గదే పెడ్త. జీడి దొరుకుతలేదు గద, నల్లదారంతోని కుడ్త.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లకు తవ్వుతున్న రోజులవి. సేటుకు ఒక షూటింగోళ్ళు ఫోన్ జేసిన్రు, ఫారిన్ డాన్సు పాట ఉంది, దానికి బట్టలు గావాలె అని. సేటు అటక మీదికెల్లి ఒక ఇనుప పెట్టె దింపిచ్చిండు. దాని గురించి ముందే ఎరికె నాకు. సేటు నాయిన, పెద్దసేటు, జవానీల ఉన్నప్పుడు రష్యా డాన్సోళ్ళు పట్నం వచ్చిన్రట. కాలి వేళ్ళ కొసల మీద నిలబడి ఆడేటోళ్ళు. వాళ్ళ బట్టలు ఇస్త్రీ జేసే పని పెద్దసేటుకు దొరికింది. వాళ్ళు రైలెక్కి పోయిన్రు, ఈ ఒక్క పెట్టె ఇక్కడ్నే ఉండిపోయింది. ఉత్తరాలు రాయిచ్చిండట, ఎవ్వలు రాలె.

పెట్టెల గొడుగు లెక్క నిలబడే జాలిగుడ్డ లంగలు ఉన్నయి, దోమతెర అసుంటి గుడ్డ, పైన బిగుతు రవికెలు కుట్టి. నడుం పట్టీ లోపట్ల చిన్న చిన్న గుడ్డపీలికలు, వాటి మీద ఏందో రాసి కొట్టేసి, దాని కింద ఇంకోటి కుట్టి. నాకు జూడంగనే అర్థమైంది, వాళ్ళ చాకలోళ్ళ గుర్తులని. మా దుకాణంల కాయిదా ఏందంటే, బయటి బట్ట ఏది వచ్చినా పాత గుర్తులు తీసెయ్యాలె, కిరాయికి పోయేరోజు మా దుకాణం గుర్తు కుట్టాలె. గట్లనే అన్ని కోసి గుండీల డబ్బల ఏసిన. ఉతికి, ఆరబెట్టి, తీగకు ఏలాడేసి తాళం ఏసిన. తాళంచెవి సేటు కాడనే ఉంటది.

తెల్లారి మధ్యాహ్నం అన్నం తిన్నంక సేటు తాళం తీసిండు. లంగలన్నిటికి నడుంకాడ తడి. రేకుల మీదికెల్లి కారిందేమో అని పైకి జూసిన, ఎండాకాలం. పక్కన ఉన్న రాజుల డ్రెస్సులు పొడిగున్నయి. వాసన జూసిన. చెమట. అండ్ల గుగ్గిలం వాసన సుత ఉంది. ఏలు పెట్టి నాలుక మీద రాసుకున్న, ఉప్పగుంది. చిన్నప్పటికెల్లి ఊరందరి బట్టలు ఉతికినదాన్ని, చెమటకు నీళ్ళకు తేడా నాకు ఒకలు చెప్పాల్నా.

ఉతికిన. మల్ల గట్లనే అయింది.

సేటుకు అనుమానం నా బిడ్డ మీదికి పోయింది. పిల్ల తొడుక్కోని అద్దం ముందట ఆడుతుందన్నడు. గా రవికె నా బిడ్డ చెయ్యికి సుత ఎక్కదు సేటు అన్న. వినలె. లావణ్యను నాల్గు దినాలకని అన్నోజిగూడల మా తమ్ముని ఇంటికి తోలిన. అయినా తడి ఆగలె. అప్పుడు సేటు నన్నే అన్నడు, షూటింగుల పేరు పోతే మీ ఇద్దరు మూటా ముల్లె సర్దుకోవాలె అని.

ఏం జెయ్యాల్నో తెల్వక ఒక లంగ పట్టుకోని మేడ మీద పెద్దసేటు కాడికి పోయిన. ఆయన మంచంల ఉన్నడు, చూపు మంచిగనే ఉండె. నడుం పట్టీ తిప్పి జూసి, పేర్లేవి అని అడిగిండు. గుర్తులా, తీసేసిన అన్న.

"గవి గుర్తులు గాదే పిచ్చిదానా. గవి ఆడేటి పోరిల పేర్లు."

ఆయన జెప్పిందేందంటే, ఆ డాన్సోళ్ళు ఏండ్లకేండ్లు దేశదేశాలు తిరిగేటోళ్ళు, ఓడలల్ల, రైళ్ళల్ల. బట్టలు మాత్రం గవే. ఒక పిల్ల కాలు ఇరిగి ఇంటికి పోతే ఆ పిల్ల పేరు కొట్టేసి, కింద ఇంకో పిల్ల పేరు కుట్టేది. తెర లేవకముందు ప్రతి పిల్ల పట్టీ తిప్పి తన పేరు జూసుకోని తొడుక్కునేదట. కాలు జారకుండ గుగ్గిలం పొడిల చెప్పులు రుద్దుకోని పోయేదట.

"మరి పేరు తీసేస్తే ఎవ్వలిదైతది పెద్దసేటూ?" అన్న.

ఆయన లంగ మల్ల నా చేతుల పెట్టిండు. "ఎవ్వలిదైనా అయితది," అన్నడు.

గుండీల డబ్బ బోర్లిచ్చి కూసున్న. చదువు రాకున్నా పాత కుట్టు రంధ్రాలు ఉన్నయి గద. ఏ పీలిక రంధ్రాలు ఏ పట్టీకి కలుస్తయో జూసి, ఒక్కొక్కటి మల్ల కుట్టిన. కుట్టినవన్ని పొడిగైనయి. ఒక్కదానికి మాత్రం పీలిక దొరకలె. ఊడ్చినప్పుడు పోయిందో ఏమో. ఆ ఒక్క లంగకే తడి ఆగలె.

దానికి మా దుకాణం గుర్తు కుట్టిన. ఆగలె. దుకాణమంటే కిరాయికి తిరిగేది, ఇల్లు గాదు గద. తెల్లారితే షూటింగు. ఆఖరికి మా అమ్మను తలుచుకోని, నల్లదారంతోని మూడు చుక్కలు, కింద గీత కుట్టిన.

పొద్దుగాల సేటు వచ్చి తాళం తీసిండు. అన్ని పొడిగున్నయి. సేటు బట్టలు ఆటోల ఏసుకోని పోయిండు. రూం మాకే ఉన్నది. బిడ్డను తెచ్చుకున్న.

తెలంగాణ వచ్చే యాళ్ళకు పెద్దసేటు పోయిండు, సేటు దుకాణం అమ్మేసిండు. ఆ పెట్టె ఎవ్వలు కొన్నరో తెల్వదు. లావణ్యకు నౌకరి దొరికింది, మేము బోడుప్పల్ల ఇల్లు కిరాయికి తీసుకున్నం.

గీ కొత్తింట్లనే మొదలైంది. బీరువల మడత పెట్టిన లావణ్య రవికె నడుంకాడ తడి. ముట్టుకుంటె సల్లగ లేదు, ఇప్పుడే ఎవ్వలో ఇడిచిపెట్టినట్టు ఎచ్చగుంది. నాలుక మీద పెట్టుకున్న. గదే ఉప్పు. గదే గుగ్గిలం. దినాం గాదు, ఎప్పుడన్న ఒకసారి. మా ఇంటి గుర్తు ఉన్న బట్టలకే.

ఆ పేరు దొరకని పిల్లకు, ఇల్లు లేనిదానికి, మా ఇంటి గుర్తు నేనే కుట్టి ఇచ్చిన. బట్ట గుర్తును బట్టి ఇంటికి చేరుతదని నాకు నేర్పింది మా అమ్మ. మనిషి సుత గట్లనే చేరుతదా? నాకు తెల్వదు. దవాఖానాకు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగిన, బీరువల తేమ ఉంటదన్నది. తేమ ఉప్పగుంటదా అంటె నవ్వింది.

గుర్తులన్ని పీకెయ్యి అమ్మా అంటది లావణ్య. పీకుదామని కత్తెర పట్టుకుంట. పెద్దసేటు మాట యాదికొస్తది. గుర్తు ఉంటే వచ్చేది ఒక్కతే. తీసేస్తే ఎవ్వలొస్తరో.

మొన్న నా బిడ్డ జీతం పైసలతోని కొత్త రవికె గుడ్డ తెచ్చుకోని కుట్టిచ్చుకుంది. గుర్తు పెట్టాల్నా వద్దా బిడ్డా అని అడిగిన. అది రవికె నా ముందట పెట్టి నౌకరికి పోయింది. సూదిల నల్లదారం ఎక్కించి బల్ల మీద పెట్టిన. ఇంకా గట్లనే ఉంది.