నీటి అంచున రాయి

మా రూమ్‌లో ఉండే కాక చనిపోయాడు. నిద్రలో ప్రాణం పోయిందని తెల్లారి సూపర్‌వైజర్ చెప్పాడు. ఎవరూ అడక్కుండానే ఆ నిద్ర మాట పదే పదే చెప్పాడు. నాకక్కడే తేడా కొట్టింది. అనుమానపడటం మా కాక నేర్పిన విద్యే మరి.

ఆయన నాకు చుట్టం కాదు. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ వుకైర్ కార్మికుల క్యాంపులో మా మంచాలు పక్కపక్కన. స్టేడియం పనిలో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ మేస్త్రి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పోచంపాడు ప్రాజెక్టు నీళ్ళలో చేపలు పట్టిన మనిషి. చాయ్‌లో చక్కెర వేశామన్నా తాగి చూస్తే తప్ప ఒప్పుకోడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. కానీ రోజూ నా నడుము బెల్టు తానే గుంజి చూసి గాని పైకి ఎక్కనిచ్చేవాడు కాదు. ఓసారి కొక్కెం విరిగి ఉండటం అలాగే బయటపడింది. నేనివాళ రెండు కాళ్ళ మీద నడుస్తున్నానంటే ఆ అనుమానం పుణ్యమే.

పోయినేడు ఎండలు తగ్గి చేపలు ఒడ్డుకు రావడం మొదలైన శుక్రవారం నన్ను వక్రా సముద్రతీరానికి తీసుకుపోయాడు. ఖాళీ నీళ్ళ సీసాకు చుట్టిన గాలం దారం, ఎరకు రొయ్యలు. షేరీ చేపలు బాగానే పడ్డాయి. ప్రాజెక్టు దగ్గర చేసినట్టే వాటిని వలసంచిలో వేసి, బతికుంటాయని మోకాలి లోతు నీళ్ళలో రాయికి కట్టాడు. తిని, కునుకు తీసి వచ్చేసరికి సంచి తడి ఇసుక మీద ఉంది. చేపలన్నీ చచ్చిపోయాయి.

"ఎవడు గుంజిండు బయటికి?" అన్నాడు నన్నే చూస్తూ.

"నేను నీ పక్కనే పండుకున్న గద కాకా."

"పండుకున్నవో లేదో నాకేం ఎరుక? నాకు నిద్ర వట్టె."

మీకు నవ్వు రావచ్చు, ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. మళ్ళీ శుక్రవారం నీటి అంచున ఒక రాయి పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు మెల్లగా రాయిని వదిలి వెనక్కి పోయాయి. ప్రాజెక్టు నీళ్ళు పూటపూటకూ అలా కదలవు. ఆటుపోట్లంటే ఆయనకు తెలియదు.

"దొంగ దొరికిండు," అన్నాడు. ఆ సాయంత్రం పెద్ద చేప ముక్క నా పళ్ళెంలోనే పడింది.

అప్పటినుంచి ఎవరేం చెప్పినా ఒకటే మాట. "రాయి వెట్టి జూద్దాం." వరల్డ్ కప్ అయ్యాక అందరికీ వేరే సైట్లో డ్యూటీ ఇస్తామని కంపెనీ చెప్పినప్పుడూ అదే అన్నాడు.

ఆయన పోయిన మూడోనాడు ఊరి నుంచి కాక భార్య చిన్నమ్మ ఫోన్ చేసింది. "గల్ఫ్‌ల నిద్రల పోయిండన్నరు. మీ కాక ఎవ్వల మాట నమ్మకపోతుండె. నువ్వు జెప్పు బిడ్డా, నిద్రలనేనా?"

"నిద్రలనే చిన్నమ్మా. గాని ఆనాడు పగటిపూట ఎండల డ్యూటీ జేస్తుంటే కండ్లు తిరిగి పడ్డడు. నేనే పట్టుకొని కిందికి దించిన. ఒళ్ళు కాలిపోతుండె. దవాఖానకు తోలుమంటే, రేపు జూద్దామన్నడు సూపర్‌వైజర్."

చిన్నమ్మ మళ్ళీ అడిగింది.

"గీ మాట అందరి ముందు జెప్తవా?"

చెప్తానన్నాను. క్యాంపులో అందరి ముందు చెప్పాను కూడా. ఆనాటి నుంచి సూపర్‌వైజర్ చూపు మారింది. నా చుట్టూ మాటలు ఆగిపోతున్నాయి. మాట వెనక్కి తీసుకుంటే నీకే మంచిదని నిన్న ఒకడు చెవిలో ఊదిపోయాడు. నాకు భయంగానే ఉంది.

ఈ శుక్రవారం గాలి చల్లబడింది. కాక వాడిన గాలం సీసా పట్టుకొని ఒక్కణ్ణే వక్రా పోయాను. గాలం వేయబుద్ధి కాలేదు. నీటి అంచున రాయి పెట్టి కూర్చున్నాను. నీళ్ళు వెనక్కి పోయాయి. పొద్దు వాలేసరికి మళ్ళీ వచ్చాయి. రాయి మాత్రం నేను పెట్టిన చోటే ఉంది.